ఎడ్ల కోసం వెలిగిన పొయ్యి, మనకు మిగిలిన చారు



ఈ చలికి పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, పొగలు కక్కే చారన్నం ఇంత తింటే ఒళ్ళు తేలికవుతుంది. జ్వరమొచ్చినా చారే, జలుబు చేసినా చారే. పెళ్ళిభోజనంలో నాలుగు కూరలు తిన్నాక కూడా చివరికి కళ్ళు చారు బకెట్టు కోసమే చూస్తాయి. కూర లేని రోజు చారుతో సరిపెట్టుకున్నాం అని చిన్నచూపుగా అంటాం గానీ, చారు లేని రోజు ఏదో వెలితిగానే ఉంటది. ఇప్పుడు టౌను హోటళ్ళలో కూర్చోగానే సూపు కావాలా అని అడుగుతున్నారు. మన సూపు చారే. దానికున్న చరిత్ర చిన్నదేం కాదు. అందులో రాజులున్నారు, దొరలున్నారు. అయితే అసలు భాగం మాత్రం మన చేలల్లో, మన గొడ్ల చావిట్లో జరిగింది. ఆ ముక్క ఎవరూ పెద్దగా రాయరు గనక నేను రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి. కన్నడం వాళ్ళు సారు అంటారు, అది మన చారే. తమిళంలో సారు అంటే పిండిన రసం. హోటలు వాళ్ళు రసం అని రాసినా అర్థం అదే. ఏదైనా ఒక వస్తువును ఉడికించో, పిసికో, అందులోని సారాన్ని నీళ్ళలోకి దించితే అది చారు.

చారును కాస్త గమనిస్తే ఒక సంగతి తెలుస్తది. మన పాత చారుల్లో చాలావరకు వాటి కోసమే ప్రత్యేకంగా పొయ్యి వెలిగించి చేసినవి కావు. ఇంకో పని జరుగుతుంటే పక్కన పుట్టినవి. కందిపప్పు ఉడుకుతుంటే పైన తేరిన కట్టు తీసి చారు పెడతారు. పండగకు బొబ్బట్లు చేసేటప్పుడు శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్ళు పారబొయ్యకుండా చింతపండు వేసి కాస్తారు. కన్నడం వాళ్ళు కూడా ఒబ్బట్టు సారు అని ఇదే చేస్తారు. బియ్యం కడిగిన రెండో నీళ్ళతో చారు పెట్టే ఇళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. తెలంగాణ పచ్చిపులుసుకైతే పొయ్యే అక్కర్లేదు. దేన్నీ వృథాగా పోనివ్వని ఆడవాళ్ళ తెలివిలోంచి పుట్టిన వంట ఇది.

ఈ వరసలో అన్నిటికంటే పెద్ద కథ ఉలవచారుది.

ఉలవ మన దేశపు గింజ. టమాటా, మిరపలాగా ఎక్కడి నుంచో ఓడలో వచ్చింది కాదు. బళ్ళారి పక్కన సంగనకల్లు అనే చోట పురాతత్వశాఖ వాళ్ళూ పరిశోధకులూ తవ్వి చూస్తే, సుమారు 4000 ఏళ్ళ కిందట అక్కడ బతికినవాళ్ళ ఇళ్ళ దగ్గర మాడిపోయిన గింజలు దొరికాయి. వాటిలో చిరుధాన్యాలతో పాటు పెసలూ ఉలవలూ ఉన్నాయి. వరి మన మెట్ట ప్రాంతానికి రాకముందు మనవాళ్ళ కడుపు నింపినవి ఇవే. ఇంకో సంగతి. ఆ కాలం వాళ్ళు పశువుల మందల మీద బతికినవాళ్ళు. పేడ కుప్పలు పోసి కాల్చగా మిగిలిన బూడిద దిబ్బలు బళ్ళారి, కర్నూలు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు అలాంటి దిబ్బను తవ్వితే, బూడిదలో పశువుల గిట్టల అచ్చులు అచ్చంగా బయటపడ్డాయి. అంటే పశువు, ఉలవ ఈ నేల మీద కలిసి బతకడం నిన్నా మొన్నటిది కాదు. ఈ జంట సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆయుర్వేదం పుస్తకాల్లో ఉలవను కులత్థం అన్నారు. పప్పుధాన్యాలు ఉడికించి తీసిన కట్టును యూషం అని, ఏ రోగికి ఏ గింజ యూషం పనికొస్తుందో వివరంగా రాశారు. దగ్గు, కఫం, మూత్రంలో రాళ్ళు, వీటికి కులత్థం పేరు చెప్పారు. రాళ్ళున్నవాళ్ళు ఇది చదివి డాక్టరు దగ్గరికి పోవడం మానొద్దు, నేను చరిత్ర చెబుతున్నానంతే. జబ్బు మనిషికి చారు పొయ్యాలన్న మాట మాత్రం మన నాయనమ్మలతో మొదలైంది కాదు.

మన తెలుగు పుస్తకాల్లోకి వద్దాం. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అనే భక్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వండి పెట్టేవాడో చెప్పాడు. ఎండాకాలం భోజనంలో తియ్యటి చారులున్నాయి, పలచని అంబలి ఉంది, నీళ్ళమజ్జిగ ఉంది. చలికాలం భోజనంలో కారానికి మిరియాల పొడి ఉంది. మిరపకాయ మాట లేదు. ఎందుకంటే అప్పటికి మన వంటిళ్ళలో మిరపకాయ లేదు. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవాను పట్టుకున్నారు. మిరప అమెరికా ఖండం పంట. వాళ్ళ ఓడల మీదనే మన తీరానికి వచ్చి, నిదానంగా ఊళ్ళలోకి పాకింది. తమిళంలో మిరియాన్ని మిళగు అంటారు, మిరపకాయను మిళగాయ్ అంటారు. మన మిరియం, మిరపకాయ కూడా అలాంటి జతే. కొత్త కాయకు పాత కారం పేరే పెట్టుకున్నారు.

రైతుగా నాకు ఇక్కడ ఒక సంగతి తోస్తుంది. మిరియం మలబారు కొండల్లో పండేది. మన మెట్ట నేలలో పండదు. ఊళ్ళోవాడు కారం కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. మిరప వచ్చాక పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకుంటే ఏడాదికి సరిపడా కారం. అందుకే మిరియాలచారు జ్వరానికీ, బాలింతకూ మిగిలింది, ఎండుమిర్చి చారు రోజూ తినే చారైంది. చింతపండు కూడా నిజానికి ఆఫ్రికా చెట్టు. కానీ ఎంత పాతకాలంలో వచ్చిందంటే, అరబ్బులు మన దగ్గర చూసి దాన్ని హిందూ దేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషులో టామరిండ్ అన్న పేరు అందులోంచే వచ్చింది. టమాటా మాత్రం చివరగా వచ్చిన చుట్టం. మా నాయనమ్మ చారులో టమాటా ఎరగదు. ఇప్పుడు టమాటా ధర పెరిగితే చారు ఎట్లా పెట్టాలి అని ఆడవాళ్ళు దిగులుపడుతున్నారు.

దొరల కథ కూడా చెప్పాలి. మద్రాసు రాజధాని చేసుకుని ఇంగ్లీషువాళ్ళు ఏలిన రోజుల్లో మన జిల్లాలు చాలావరకు అందులోనే ఉండేవి. వాళ్ళకు భోజనం మొదట్లో సూపు తాగే అలవాటు. ఇక్కడి వంటవాళ్ళను సూపు అడిగితే వాళ్ళు తమకు తెలిసిన మిరియాలచారే ముందు పెట్టారు. తమిళంలో మిళగు తణ్ణి అంటే మిరియాల నీళ్ళు. దొర నోట్లో పడి అది ముల్లిగటానీ అయింది. పలచటి నీళ్ళు వాళ్ళకు ఆనలేదు. మాంసం వేశారు, కూరపొడి వేశారు, అన్నం మెతుకులు వేశారు, చిక్కగా చేసుకున్నారు. 1878లో మద్రాసులో ఒక ఇంగ్లీషు సైనికాధికారి రాసిన వంటల పుస్తకంలో దీని గురించి ఉంది. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ అనే నిఘంటువులోనూ ఈ మాట చేరింది. మద్రాసు దొరలను మిగతా ప్రాంతాల దొరలు ఈ సూపు పేరు మీద మల్స్ అని ఎగతాళి చేసేవాళ్ళట. తరవాత అదే సూపు ఇంగ్లండు పోయి డబ్బాల్లో అమ్ముడైంది. మన జ్వరం చారు సీమకు పోయి పేరు మార్చుకుంది, కానీ మిరియాల నీళ్ళు అన్న మాట మాత్రం దాని పేరులో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఉలవచారు దగ్గరికి వద్దాం.

ఇది ఎవరో వంటవాడు కనిపెట్టిన వంట కాదు. ఎడ్ల దాణా ఉడకబెట్టిన నీళ్ళు. అంతే. ఇంగ్లీషులో ఉలవకు గుర్రం గింజ అని పేరు రావడం కూడా ఆ కారణానికే. మన దగ్గర గుర్రాలు తక్కువ, ఎడ్లు ఎక్కువ. దుక్కుల కాలంలో, బండి పనుల కాలంలో ఎద్దుకు బలం కావాలి. ఒంగోలు గిత్తలు ఊరికే అంత కండ పట్టలేదు. తెల్లారుజామున లేచి చావిడి పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద అండా ఎక్కించి, ఉలవలు పోసి, నిండా నీళ్ళు పోసి, కందికంపా పత్తికంపా ఎగదోస్తూ గంటల తరబడి ఉడికించేవాళ్ళు. ఉడికిన గింజ ఎడ్లకు, చూలు గేదెకు, పాలిచ్చే గేదెకు. పిల్లలం గుప్పెడు గుగ్గిళ్ళు ఉప్పేసుకుని తినేవాళ్ళం. మిగిలిన ఆ ఎర్రటి చిక్కటి నీళ్ళను మట్టికుండలోకి వార్చి, చింతపులుసు, ఉప్పు, కారం, చిన్న బెల్లంముక్క వేసి, సన్న సెగ మీద ఇంకా చిక్కబడేదాకా మరిగించి, తాలింపు పెడితే ఉలవచారు. రెండోరోజుకు రుచి పెరుగుద్ది. వేడి అన్నంలో చారు, పైన గేదెపాల మీగడో వెన్నపూసో వేసుకుంటే, ఆ పూట ఇంకో కూర మాటే ఎవరూ ఎత్తరు.

ఇక్కడ లెక్క చూడండి. ఆ పొయ్యి వెలిగింది ఎడ్ల కోసం. ఐదారు గంటల కట్టె ఖర్చు ఎడ్ల ఖాతాలో పోయింది. గింజ ఖర్చూ ఎడ్ల ఖాతానే. చారు మనకు ఉత్తపుణ్యానికి దొరికింది. ఉలవ పండించేది కూడా మన చెలకలోనే, ఇంకే పంటా రాని ఎర్రగరపలో. ఎద్దు చేను దున్నింది, చేను ఉలవ ఇచ్చింది, ఉలవ ఎద్దుకు పోయింది, ఎద్దుకు పోగా మిగిలిన నీళ్ళు మన కంచంలోకి వచ్చాయి. ఎద్దు పేడ మళ్ళీ చేనుకు పోయింది. నాలుగు వేల ఏళ్ళ కిందట బూడిద దిబ్బల వాళ్ళ దగ్గర చూసిన జంట మన నాయనల కాలం దాకా విడిపోలేదు.

విడిపోయింది మన కళ్ళ ముందే. నా చిన్నతనంలో మా వీధిలో ఇంటికో జత ఎడ్లుండేవి. ట్రాక్టరు వచ్చింది. రోజంతా దున్నే చేను గంటలో అయిపోతోంది, దాన్ని తప్పు పట్టడానికి లేదు. జత ఎడ్లను ఏడాది పొడుగునా మేపడం ఎంత భారమో మేపినవాడికే తెలుసు. ఒకరి తరవాత ఒకరు అమ్ముకున్నారు. ఎడ్లు పోయాక ఉలవలు ఎవరికి ఉడికించాలి? చావిడి పొయ్యి ఆరిపోయింది. ఉలవ వేసే చెలకల్లో కొందరు పత్తి పెట్టారు, కొందరు బోరు వేసి బత్తాయి పెట్టారు, కొందరు బీడు వదిలేశారు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఉలవలు తినే ఎడ్లంటే బండలాగుడు పందేల ఎడ్లే. వాటికి బాదంపప్పు కూడా పెడుతున్నారు, అది వేరే కథ.

ఇంట్లో ఉలవచారు కూడా అట్లాగే తగ్గింది. ఇప్పటి కోడళ్ళకు ఓపిక లేదు అని ముసలివాళ్ళు అనడం చాలాసార్లు విన్నాను. అది న్యాయమైన మాట కాదు. ఒక్క గిన్నె చారు కోసం గ్యాసు పొయ్యి మీద ఐదు గంటలు ఎవరు కాస్తారు? పాతకాలం ఆడమనిషి కూడా చారు కోసమని ఐదు గంటలు కట్టె కాల్చలేదు. పొయ్యి ఎట్లాగూ మండుతోంది గనక వార్చుకుంది. పొయ్యికి ఆధారం పోతే వంట పోయింది.

సరిగ్గా ఇక్కడే హోటలు వచ్చింది. పెద్ద అండాలో ఒకేసారి ఇరవై కిలోలు కాస్తే ఖర్చు వాళ్ళకు గిట్టుద్ది, మనకు గిట్టదు.

మన దేశంలో డబ్బిచ్చి అన్నం తినే ఇళ్ళు కొత్తవి కావు. సుమారు ఆరువందల ఏళ్ళ కిందటి క్రీడాభిరామంలో ఓరుగల్లులో రూక ఇస్తే భోజనం పెట్టే ఇంటి సంగతి ఉంది. అక్కడ ఏమేం పెడతారో పట్టిక కూడా ఉంది. సన్నన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. చారు పేరు లేదు. చారు డబ్బిచ్చి కొనుక్కునే వస్తువని ఎవరూ అనుకోలేదేమో. మన మెస్సుల్లో, భోజనం హోటళ్ళలో ఈరోజుకీ చారు ఎంత అడిగితే అంత పోస్తారు, బిల్లులో విడిగా వెయ్యరు. ఉలవచారు ఒక్కటే ఆ గీత దాటింది. విజయవాడ, గుంటూరు, హైదరాబాదు హోటళ్ళలో అది విడిగా రేటున్న పదార్థం. ఉలవచారు బిర్యానీ వచ్చింది. 2014లో ప్రకాశ్‌రాజ్ ఆ పేరుతో సినిమానే తీశాడు. సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు, అమెరికాలో ఉన్న పిల్లలు సూట్‌కేసుల్లో పట్టుకుపోతున్నారు. ఎడ్ల దాణా నీళ్ళకు ఇంత గౌరవం రావడం నాకు సంతోషమే.

మరి గింజ పండించినోడికి ఏం వచ్చింది? మా ఇంట్లో కొలిచి చూశాం. కిలో ఉలవలకు పది లీటర్ల నీళ్ళు పోసి ఐదారు గంటలు కాస్తే రెండు లీటర్లకు కాస్త అటూ ఇటూగా చిక్కటి నీళ్ళు వచ్చాయి. గిన్నెకు 150 మిల్లీలీటర్లు అనుకుంటే పదమూడు గిన్నెలు. గిన్నె వంద రూపాయలనుకున్నా 1300. ఆ కిలో ఉలవలకు రైతు చేతికి యాభయ్యో అరవయ్యో. హోటలు వాడికి గ్యాసు ఉంది, జీతాలున్నాయి, అద్దె ఉంది, ఆయన దోచుకున్నాడని నేననను. కాచిన చెయ్యికి డబ్బు పోయింది. మునుపు కాచింది కూడా మన చెయ్యే. ఇప్పుడు మనం ఒట్టి గింజ అమ్మి ఊరుకుంటున్నాం.

దానికితోడు, కేంద్రం మద్దతు ధర ప్రకటించే పప్పుధాన్యాల్లో కంది, పెసర, మినుము, శనగ, మసూరు ఉన్నాయి. ఉలవ లేదు. ధర పడిపోతే అడిగే దిక్కు లేదు. ఇది పేదవాడి గింజ, గొడ్ల గింజ అన్న చిన్నచూపు కాగితాల మీద కూడా ఉంది. 100 గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి, సుమారు 287 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. గొడ్లకు పెట్టినా మనిషికి పెట్టినా అది బలమైన గింజే.

పంటగా చూస్తే ఉలవ అడిగేది చాలా తక్కువ. ముందు వానలు మొహం చాటేసి, వేరుశనగ అదను దాటిపోయి, చేను ఖాళీగా చూస్తున్నప్పుడు సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒక పదును దొరికితే చాలు, చల్లుకోవచ్చు. ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం. మూడు, మూడున్నర నెలల్లో చేతికొస్తుంది. మంచు మీద కూడా పండుద్ది అని పెద్దలు అనేవాళ్ళు. మూడు నాలుగు క్వింటాళ్ళు వస్తే మంచి పంట. కాయ కొట్టాక పొట్టు గొడ్లకు మేత. పప్పుజాతి పైరు గనక వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టి భూమికి వదులుద్ది. బోరు అప్పు లేదు, మందుల దుకాణంలో ఖాతా లేదు. దీని మీద ఎవరూ కోటీశ్వరుడు కాడు. కానీ బీడు పెట్టే చేనుకు ఇది న్యాయమైన పంట.

నా ఆలోచన ఇది. ఎడ్లు మళ్ళీ రావు, ఆ మాట అనుకుని బాధపడి లాభం లేదు. కానీ గేదెలు పోలేదు. ఇంటికి రెండు మూడు పాడిగేదెలు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి కొన్న దాణా సంచీ రేటు మీకు తెలుసు. నలుగురైదుగురు కలిసి ఒక పెద్ద అండా పెట్టుకుంటే, ఉడికిన గింజ గేదెలకు పోతుంది, చారు నీళ్ళు చేతికొస్తాయి. ముందు మన ఇళ్ళకు, తరవాత టౌనులో తెలిసిన మెస్సుకు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారు, దీన్ని అమ్మలేరా? పాత లెక్కలో ఎద్దు ఉన్నచోట గేదెను పెడితే పొయ్యి మళ్ళీ మండుద్ది. ఈ లెక్కలో నాకు కనపడని బొక్క ఏదన్నా ఉంటే చెప్పండి, మొహమాటపడొద్దు.

ఈ ఏడు నేను ఎకరంన్నర చెలకలో ఉలవలు చల్లాను, అర ఎకరం నల్లవి, మిగతాది ఎర్రవి. ఇప్పటికి పూత బాగుంది. మీ ఊళ్ళో ఎవరైనా వేస్తున్నారా, ఎకరాకు ఎంత దిగింది, ఎవరికి అమ్మారు, రాయండి. మీ ఇంట్లో ఉలవచారుకు బెల్లం వేస్తారా వెయ్యరా, అది కూడా రాయండి. మా ఇంట్లో ఆ గొడవ ఇంకా తేలలేదు.